ఖాళీగా ఇవ్వాల్సిన గిన్నె

ఆ వేసవిలో మేము పోగొట్టుకున్నవి ఇవి: పుంటికూర పప్పు రెండుసార్లు, పచ్చిపులుసు కనీసం నాలుగుసార్లు, సర్వపిండి ఒకసారి, మా ఆవిడకి రోజూ సాయంత్రం గడప దగ్గర దొరికే అరగంట కబుర్లు. ఇదంతా అంచనాయే. రాని గిన్నెలను లెక్కపెట్టడం కష్టం.

ఇంత నష్టానికీ కారణం నా ఆత్మజ్ఞానం.

నేను గచ్చిబౌలిలో ఒక ఆఫీసు భవనంలో క్యాంటీన్ లెక్కలు చూస్తాను. చదివింది పదో తరగతి. లెక్క మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఆ రోజుల్లో రోజూ ఒక ప్లేటు మిగిలేది. ఆరా తీస్తే, అది ఇజ్రాయెల్ నుంచి పని మీద వచ్చిన యూదు ఇంజినీరుది. తమ మతాచారం ప్రకారం వండింది తప్ప తినడట. పళ్లతో, ఇంటినుంచి తెచ్చుకున్న పొట్లాలతో సరిపెట్టుకుంటున్నాడు. లెక్కలోంచి ఆ ప్లేటు కొట్టేయడానికి వెళ్లి, నా వచ్చీరాని ఇంగ్లీషుతో కబుర్లలో పడ్డాను.

వాళ్ల అక్షరాలకు అంకెల విలువలున్నాయని, యూదుల అంతరంగ విద్య కబాలాను తాతగారి దగ్గర కొంత చదివానని చెప్పాడు. నేను వెంటనే కాగితం తీసి, నా పేరుకు ఎంత వస్తుందో కట్టమన్నాను. అతను కట్టలేదు. మనిషి అసలు స్వభావం అంకె కాదు, పుచ్చుకోవాలనే కోరిక అన్నాడు. దేవుడు తన వెలుగు పోయడానికి చేసిన గిన్నె అదేనట. కానీ ఊరికే పుచ్చుకుంటే ఆత్మకు సిగ్గు. దాన్ని వాళ్ల పెద్దలు సిగ్గు రొట్టె అంటారట.

సిగ్గు రొట్టె! మా ఎదురింట్లోంచి వచ్చేది అదే కదా అనుకుని, కాగితం మడిచి లేచాను.

పుప్పాలగూడలో మా ఎదురు ఫ్లాటు ఒక పెద్దావిడది. మా అపార్టుమెంటు లేచింది ఆవిడ జొన్నచేలోనే. మేము గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం. మా ఆవిడకి ఇక్కడున్న ఒకే ఒక్క స్నేహం ఆవిడే. ఏది వండినా ఒక గిన్నె మాకు వచ్చేది. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు కాబట్టి మా ఆవిడ కాసింత పంచదారో, నాలుగు పచ్చిమిరపకాయలో వేసి ఇచ్చేది.

నాకది చాలదనిపించింది. పచ్చిపులుసు గిన్నెలో జీడిపప్పు పోసి పంపాను. పప్పు గిన్నెలో కాజాలు కుక్కాను. సర్వపిండికి గిన్నె చాలక మామిడిపళ్ల బుట్టే పంపాను.

"ఎందుకండీ ఇంత?" అంది మా ఆవిడ.

"స్వభావం సరిదిద్దుకుంటున్నాను," అన్నాను.

మర్నాడు పెద్దావిడ ఆ బుట్ట తెచ్చి మా గడపలో పెట్టింది. "ఏంది సారూ, నేనేమన్న కర్రీ పాయింట్ పెట్టిన్నా? గింత పులుసు ఇస్తే గంత జీడిపప్పా? మీకు ఇయ్యాలంటేనే పరేషాన్ అయితుంది. ఇగ నా వల్ల గాదు."

ఆ తర్వాత గిన్నెలు రాలేదు. కబుర్లూ ఆగిపోయాయి. మా ఆవిడ సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని వచ్చే పోయే ఆఫీసు బస్సులు చూసేది.

ఇంజినీరుతో చెప్పుకున్నాను. చాలాసేపు నవ్వాడు. "నువ్వు సగమే విన్నావు. పెట్టేవాళ్ల సంతోషం కోసం తింటే, ఆ తినడమే ఇవ్వడం."

"ముందే చెప్పొచ్చుగా?"

"కాగితం మడిచి వెళ్లిపోయింది నువ్వు."

ఆ సాయంత్రం నేనూ మా ఆవిడా చేతులూపుకుంటూ వెళ్లి ఎదురింటి గంట కొట్టాం.

"ఏం తెచ్చిన్రు మళ్ల?" తలుపు సందులోంచి అడిగింది పెద్దావిడ.

"ఏమీ తేలేదు. ఆకలేస్తోంది," అన్నాను.

ఆవిడ మా ఆవిడ వంక చూసింది. "నిజమేనా బిడ్డా?"

"నిజమేనండీ పిన్నిగారూ. మీ పుంటికూర వాసన మధ్యాహ్నం నుంచి ప్రాణం తీస్తోంది."

తలుపు పూర్తిగా తెరుచుకుంది. తిన్నాం. నేను మారు అడిగి మరీ తిన్నాను. వచ్చేటప్పుడు మిగిలిన పప్పు గిన్నెలో పెట్టి నా చేతికే ఇచ్చింది.

"జర ఇనుండ్రి సారూ. దీన్ని కడిగి, ఉత్త గిన్నె తెచ్చియ్యాలె. ఒక్క జీడిపప్పు కనబడ్డా ఇసిరి కొడత."

మర్నాటి నుంచి కబుర్లు మళ్లీ మొదలయ్యాయి, గిన్నెలూ మొదలయ్యాయి. వాటిని మా ఆవిడే ఖాళీగా తిరిగి ఇచ్చేస్తుంది, ఏ సిగ్గూ లేకుండా. ఆ రోజు నా చేతికిచ్చిన గిన్నె మాత్రం మా వంటింటి అలమారాలో ఉంది. చాలాసార్లు దాన్ని కడిగి పట్టుకుని గడప దాకా వెళ్లాను. అంత తేలికైన గిన్నెతో ఆ నాలుగడుగులు దాటడం నాకింకా రావడం లేదు. ఇంజినీరు వెళ్లిపోయి ఏడాదైంది. నా స్వభావం ఏమిటో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

ఎదురింటికి ఈరోజుకీ ఇవ్వాల్సినది: ఖాళీ గిన్నె, ఒకటి.