ఏడు గంటల లెక్క

ఓదెలు కాక ఇక లేడు. నిన్న పొద్దున మేకలు కాసే మనిషి వచ్చి చెప్పేసరికి నా నోట్లో బ్రష్ అట్లనే ఉండిపోయింది.

పాత బొగ్గుబావి దారిలో, తుమ్మచెట్ల పక్కన పడి ఉన్నాడట.

శ్రీరాంపూర్‌లో మా పక్కిల్లు. రిటైర్డ్ బొగ్గుబావి కార్మికుడు. వైఫై సెట్టింగ్స్ నేర్చుకోవడానికి అరవై దాటాక రాసుకునే నోట్‌బుక్ కొన్న మనిషి.

మా నాలుగిళ్లకు కలిపి ఒకటే కనెక్షన్. కాక వరండాలో వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్ బిగించింది నేనే. ఏయే ఫోన్లు కనెక్ట్ అయ్యాయో సెట్టింగ్స్ పేజీలో కనిపిస్తుందని చూపించాను.

అంతే. ఒక్కో ఫోన్‌కు మనిషి పేరు పెట్టించుకున్నాడు. తనదీ కలిపి పదకొండు పేర్లు. రోజూ సాయంత్రం ఏడింటికి లిస్ట్ తెరిచి, వేలు పెట్టి లెక్కపెట్టేవాడు.

"బాయిల దిగినోళ్లెందరు, ఎక్కినోళ్లెందరు. గదే లెక్క బిడ్డా. నేను లేనినాడు నువ్వు చూడాలె."

ఒకసారి లెక్కలో పది పేర్లే వచ్చాయి. తక్కువైంది ఎదురింటి రాజేశం అన్న. కాక టార్చ్ పట్టుకుని వెతుక్కుంటూ పోతే, కాలువ పక్కన బండి కింద కాలు విరిగి దొరికాడు.

"గది వైఫై కాదు కాకా, నా పాలిటి పోశవ్వ తల్లి" అన్నాడు రాజేశం అన్న, కట్టు వేయించుకుంటూ.

ఆ తర్వాత నేను నిఘా మీద ఒక కరపత్రం చదివాను. చదివి ఊరుకునే రకం కాదు కదా. కాక ముందు నిలబడి అరిచాను.

"ఎవడెప్పుడు వస్తుండు, ఎప్పుడు పోతుండు అని చూసుడు పోలీసోళ్ల పని కాకా."

"పోలీసోడు లోపలేసెటందుకు లెక్కవెడ్తడు. మేము బయటికి తీసెటందుకు వెడ్తం."

నేను వినలేదు. పేర్లన్నీ డిలీట్ చేశాను. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, ఆయనకు చెప్పలేదు.

కాక అడగలేదు. ఏడింటికి వాకిట్లోకి వచ్చి, నాలుగు తలుపుల వైపు చూసి, లోపలికి పోయేవాడు.

ఒకరోజు మాత్రం అన్నాడు. "మనం లెక్క మరిస్తే బాయి మరువది బిడ్డా. ఎవల్నో ఒకల్ని ఉంచుకుంటది."

మొన్న కాక ఇంట్లో ఒక్కడే. భార్య పెద్దపల్లిలో బిడ్డ దగ్గర ఉంది.

నిన్న ఆయన్ని ఇంటికి తెచ్చాక సెట్టింగ్స్ పేజీ తెరిచాను. పేరు లేకపోయినా మోడల్‌ను బట్టి కాక ఫోన్ గుర్తుపట్టాను. మొన్న సాయంత్రం నాలుగున్నరకు కనెక్షన్ తెగింది.

మళ్లీ కలవలేదు.

మొన్న ఏడింటికి ఆ పేజీ తెరవగలిగింది నేనొక్కడినే. గోడకు ఇవతల వీడియోలు చూస్తూ కూర్చున్నాను. ఆ వైఫై మీదే.

పడిన వెంటనే ప్రాణం పోలేదు, కొన్ని గంటలు ఊపిరి ఉంది అన్నాడు డాక్టర్.

పదకొండు పేర్లూ మళ్లీ పెట్టాను. ఇందాక ఏడింటికి లెక్కపెట్టాను. పది.

మళ్లీ లెక్కపెట్టాను.

పది.

ఇగ రోజూ నేనే చూస్త కాకా. నీ షిఫ్ట్ అయిపోయింది, బాయి ఎక్కి దీపం అప్పజెప్పినవు. నిమ్మలంగ పండు.