గొంగడి మడతలో మోసింది

దయ్యం ఉందని ఎవరైనా చెబితే, పద చూపించు అనే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, సాగదీయడం రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆమెకు మోతీ అని ఒక కుక్క. మూరెడు పొడవు, ముక్కును లోపలికి నొక్కేసినట్టు చప్పిడి మొహం, మేలుకొని ఉన్నా గురక. చలిగాలి తగిలితే దానికి ఊపిరి అందదు. మాది గొర్రెలు కాసే ఇల్లు. చలికి గొర్రెపిల్లను బతికించడం తెలుసని నన్ను పనిలో పెట్టుకుంది.

"దీనికి ఏమన్నా అయిందా ఓబులేసూ, నువ్వు మళ్లా గొర్రెల కాడికే" అని మొదటిరోజే చెప్పేసింది.

నా పని నేను గొప్పగానే చేశాను. మెడకున్న పట్టీ తీసేసి రొమ్ముకు గుడ్డపట్టీ కట్టాను. ఎండ కాశాకే బయటికి. పరుగు లేదు. గురక తీరు మారితే అక్కడే ఆగాలి. ఇంటికి రాగానే తడిసిన కాళ్లు తుడిచి పొయ్యి దగ్గర కూర్చోబెట్టాలి. వంటచేసే రాహేలమ్మకు నవ్వు.

"ఏంది అన్నా, బాలింతను చూసినట్టు చూస్తాండావ్. వాము గూడా పెడ్తావా?"

నవ్వనీ. రెండు చలికాలాల్లో మోతీ ఒక్కసారి కూడా దగ్గలేదు.

మూడో చలికాలం ఒక పొద్దున ఎనిమిది దాటినా మంచు విడవలేదు. మోతీ తలుపు గీకుతోంది. నా నియమం నేనే తప్పాను. చాగలమర్రి రోడ్డు కింద నీళ్లు పారే మోరీ దాకా నడిపించాను. అక్కడ గురక ఆగిపోయింది. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడిపోయింది. నాలుక నేరేడు పండు రంగు.

పట్టీ విప్పి, ఎత్తి, గొంగడి మడతలో రొమ్ముకు ఆనించుకున్నాను. నా గడ్డం కింద గాలాడే సందు వదిలాను. చలి తగిలిన పిల్లను మడతలో వేశాక మంట దగ్గరికి చేరేదాకా విప్పకూడదని మా నాయన నేర్పిన పద్ధతి. విప్పితే ఉన్న వేడి పోతుంది. అందుకే మైలు దూరం తల వంచి కూడా చూడలేదు. సగం దారిలో గురక మళ్లీ మొదలైంది. వెచ్చటి ఊపిరి నా గొంతుకు తగిలింది. బతికించానన్న పొగరుతో ఇల్లు చేరాను.

వసారాలో డాక్టరమ్మ నిలబడి ఉంది. ఆమె కాళ్ల దగ్గర మోతీ.

"ఏందప్పా, దేన్ని మోసుకొస్తాండావ్?"

"మోతీనమ్మా."

"తాగినావా?"

"వాసన చూడండి" అని ముందుకు వంగాను. ఆమెకు ఏ వాసనా తగల్లేదు.

రాహేలమ్మ బయటికొచ్చింది. "అది యాడికీ పోలేదమ్మా, పొద్దన్నుంచి పొయ్యి కాడే పండుకోనుంది. ఈయప్ప ఉత్త పట్టీ పట్టుకొని పోతాంటే పిచ్చి పట్టిందనుకుంటి."

మోతీ కాళ్లు తడిమాను. పొడిగా ఉన్నాయి. నా గొంగడి మడతలో బరువు మాత్రం అలాగే ఉంది.

డాక్టరమ్మ దేన్నీ ఊరికే నమ్మదు. దగ్గరికొచ్చి మడత మీద చెవి పెట్టింది. రోగి రొమ్ముకు పెట్టినట్టే, చాలాసేపు.

"ఊపిరి ఆడతాంది" అంది మెల్లగా. "విప్పు."

"మంట కాడికి పోయేదాకా విప్పనమ్మా."

ఆమెను దాటుకొని వంటింట్లోకి పోయాను. పొయ్యి ముందు కూర్చొని, ఒళ్లు వెచ్చబడ్డాక విప్పాను. విప్పేదాకా బరువు ఉంది. విప్పితే ఏమీ లేదు. గొంగడి లోపలి వైపు చొంగతో తడిసి ఉంది. డాక్టరమ్మ ఆ తడిని వేలితో తాకి చూసి చేతులు కడుక్కుంది.

మరుసటి రోజు ఎండ కాశాక మోతీకి ఆమే పట్టీ కట్టి నా చేతికిచ్చింది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మోతీని నేనే నడిపించాను.

ఆ పొద్దున నేను మోసింది ఏందో ఈనాటికీ తెలియదు. ఏదైతేనేం, మంట దాకా ఊపిరితోనే చేర్చాను.