కృష్ణానగర్ వరదలో కింది సిలిండర్

మధురానగర్ చివర ట్రక్కు దిగేసరికి తెల్లవారుతోంది. వాన పడుతూనే ఉంది. మెయిన్ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. సినిమా పనివాళ్లుండే కృష్ణానగర్ సందుల్లోకి వెళ్తే ఛాతీ లోతు. జూబ్లీ హిల్స్ గుట్టల మీద కురిసిందంతా ఆ సందుల్లోంచే కిందికి దిగాలి.

సరిహద్దు మంచుకొండల్లో డ్యూటీ ముగించుకుని అప్పుడే సికింద్రాబాద్ వచ్చిన ఆర్మీ కంపెనీ మాది. ఇక కాస్త నిద్రపోవచ్చనుకున్నాం. సుబేదార్ సాబ్ ఆర్డరు ఒక్క ముక్కలో చెప్పాడు.

"ఎక్కించు. దించు. మళ్లీ వెళ్లు."

నేను మెకానిక్‌ని. మా బోటులో చుక్కాని పట్టే నాయక్, రేడియో ఆపరేటర్, నేను. వెనక ఒకదాని కింద ఒకటిగా రెండు సిలిండర్లున్న పెట్రోలు మోటారు. మొదటి రోజంతా మనుషుల్ని, గ్యాసు బండల్ని, ఒక మేకను మోశాం. బూట్లు విప్పలేదు. విప్పితే మళ్లీ ఎక్కవని తెలుసు.

రెండో రోజు మధ్యాహ్నం రేడియో పలికింది. "సందు చివరి మేడ. డయాలసిస్ పేషెంట్. పైన పొడి రోడ్డు మీద అంబులెన్స్ ఉంది. ఓవర్."

ఆమె పేరు మరియమ్మ. భీమవరం వైపు మనిషి. సినిమాల్లో పెళ్లి పందిట్లో, ఆస్పత్రి వరండాలో కనబడే గుంపులో ఒకరిగా ముప్పై ఏళ్లు పనిచేసిందట. వరద వల్ల డయాలసిస్ తప్పిపోయింది. కాళ్లు వాచిపోయాయి. మాట మధ్యలో ఊపిరి ఆడటం లేదు. రెయిన్‌కోటు కప్పి బోటులో కూర్చోబెట్టాం.

అంబులెన్స్ దాకా ప్రవాహానికి ఎదురు వెళ్లాలి. సగం దూరంలో మోటారు తడబడింది. గర్రుమంటుంది, ఎక్కిళ్లు పెడుతుంది, మళ్లీ గర్రుమంటుంది.

"దమ్ము లేదు. వెనక్కి పోతున్నాం," అన్నాడు నాయక్.

పక్క ఇంటి మెట్ల దగ్గరున్న కిటికీ గ్రిల్లుకు తాడు కట్టేశాం.

ముందు పెట్రోలులో నీళ్లు కలిశాయేమో అనుకున్నాను. కార్బురేటర్ విప్పి చూశాను. శుభ్రంగానే ఉంది. మోటారు నడుస్తుండగా పై స్పార్క్ ప్లగ్గు క్యాపు లాగాను. ఆగిపోయింది. మళ్లీ పెట్టి స్టార్టు చేసి, కిందిది లాగాను. శబ్దం ఏమీ మారలేదు. అంటే కింది సిలిండర్ అసలు పనిచేయడం లేదు.

ఆ ప్లగ్గు విప్పాను. పెట్రోలుతో తడిసిపోయి ఉంది. తుడిచి, క్యాపు తగిలించి, ఇంజనుకు ఆనించి స్టార్టరు తాడు లాగించాను. నిప్పురవ్వ కొస దగ్గర రాలేదు. పక్కనున్న తెల్ల పింగాణీలోంచి వచ్చింది. వెంట్రుకంత పగులు. స్పేర్ ప్లగ్గులు ముందురోజే రెండో బోటుకు ఇచ్చేశాం.

"ఎంతసేపు బాబూ?" అంది మరియమ్మ.

"వచ్చేస్తుందమ్మా," అన్నాను. ఎలా వస్తుందో నాకే తెలియదు.

ఆ ఇంటి మెట్ల మీద నడుము లోతు నీళ్లలో ఒకాయన నిలబడి ఉన్నాడు. పేరు యాదగిరి. సినిమాల్లో హీరో కొడితే ఎగిరిపడే ఫైటర్. చేతిలో తాడు, తాడు చివర మునిగిన మోటార్ సైకిలు. హ్యాండిల్ ఒక్కటే కనిపిస్తోంది. కొట్టుకుపోకుండా ముందురోజు నుంచీ పట్టుకునే ఉన్నాడట.

"ఏమైందన్నా?"

ప్లగ్గు చూపించాను.

"మా నాయిన బండిల గూడ గిట్లాంటిదే ఉంటది. పాత టూ స్ట్రోకు. పానా ఇయ్యి."

పానా అందుకుని నీళ్లలో మునిగాడు. ప్లగ్గు బిగుసుకుపోయినట్టుంది. రెండోసారి మునిగినప్పుడు రెండు చేతులూ అవసరమయ్యాయి. తాడు వదిలేశాడు. అతను పైకి లేచేసరికి పిడికిలిలో ప్లగ్గు ఉంది. హ్యాండిల్ లేదు. ప్రవాహం బండిని తిప్పి లాక్కుపోయింది.

"అన్నా, బండి..."

"పోనీ. ముందుగాల గిది పెట్టు."

పెట్రోలుతో కడిగాను. తుడవడానికి మా ఒంటి మీద పొడి గుడ్డ లేదు. మరియమ్మ రెయిన్‌కోటు లోపలి నుంచి చీర కొంగు చాపింది. తుడిచాను. మర సరిగ్గా పట్టింది. మూడోసారి స్టార్టరు తాడు లాగితే రెండు సిలిండర్లూ ఒకేసారి అందుకున్నాయి.

ఆమెను అంబులెన్స్ ఎక్కించాం. నాకు సంతోషం కలగలేదు. నిద్ర వచ్చింది.

"పేషెంట్ పైకి చేరింది. ఓవర్."

"మళ్లీ వెళ్లు," అంది రేడియో.

నీళ్లు తీశాక యాదగిరి మా ట్రక్కు వెతుక్కుంటూ వచ్చాడు. "మరియమ్మ ఇంటికొచ్చిందన్నా. మంచిగుంది. జావ తాగింది." బండి నాలా దగ్గర దొరికిందట. ఫ్రేము సగానికి వంగిపోయింది. ప్లగ్గు తిరిగి ఇవ్వబోయాను. దానివైపు చూసి, "ఏ బండికి పెట్టుకోవాలె?" అన్నాడు. నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణంలో ట్రక్కులో మిగతా అందరూ ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. నాయక్, నేను మేలుకుని ఉన్నాం. షూటింగులకు దుస్తులు అద్దెకిచ్చే ఒక మేడ మీద బురద కడిగిన బట్టలు ఆరేస్తున్నారు. అన్నీ సైనికుల యూనిఫాంలే.

"మన కంపెనీయే," అన్నాడు నాయక్. ఇద్దరం నవ్వలేదు.

మా ఊళ్లో ఎవరో ఒకరు సరిహద్దు గురించి అడుగుతారు. చెప్తాను. చెబుతుండగా కళ్ల ముందుకు వచ్చేది మాత్రం ఆ మేడే. తాడు పొడవునా ఆకుపచ్చ చొక్కాలు, భుజాలు వంచుకుని, చేతులు కిందికి వేలాడేసి, నీళ్లు కారుస్తూ.