పోలిక ముప్పై నాలుగు శాతం

విశ్వవిద్యాలయం గేటుకి ఎదురుగా టైపింగు, బైండింగు దుకాణం నాది. ఇరవై ఆరేళ్ళుగా థీసిస్‌లకు అట్టలు వేస్తున్నాను. నేను చదివింది పదో తరగతే గానీ, డాక్టరేటు రావాలంటే ఏమేం చేయాలో ఆఫీసువాళ్ళకంటే నేనే సరిగ్గా చెప్తాను. ముందు ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ. తర్వాత గైడు దొరకాలి. ఆపైన కోర్సువర్కు, దానికో పరీక్ష. ఆర్నెల్లకోసారి కమిటీ ముందు నిలబడి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకోవాలి. పత్రికల్లో వ్యాసాలు అచ్చు కావాలి. సినాప్సిస్, సెమినారు, ఎక్కడన్నా ఎత్తిరాశారేమో చూసే పోలికల పరీక్ష, బయటి పరీక్షకుల నివేదికలు, ఆఖర్న వైవా. ఇవన్నీ కాగితం మీద ఉన్న మెట్లు. కాగితం మీద లేని మెట్టు గైడు. మిగతావి ఒకసారి ఎక్కితే చాలు. దాన్ని మాత్రం రోజూ ఎక్కాలి.

నేను చెప్పబోయే ఆమెని మా వీధిలో అందరూ పొడిగింపు మేడమ్ అనేవారు. ఆరేళ్ళ గడువు అయిపోయి, ఇంకో రెండేళ్ళు పొడిగింపు తెచ్చుకుంది మరి. ఎదురుగా అంటే తనూ నవ్వేసేది. నన్ను అన్నా అని పిలిచేది. పొద్దున ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం గైడుగారి గది ముందు కాళ్ళు పీక్కుపోయేలా నిలబడేది. ఇంట్లో తండ్రి ఒక్కడే. డాక్టరేటు ఉంటేనే కాలేజీలో ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. లేకపోతే వచ్చే ఏడు రానక్కర్లేదన్నారు.

ఆమె పరిశోధన కూలీల అడ్డాల మీద. తెల్లారగానే కూడళ్ళలో నిలబడి, ఎవరైనా పనికి పిలుస్తారేమోనని చూసే మనుషుల మీద. రెండు వందల పన్నెండు మందితో మాట్లాడింది. కీబోర్డు ముందు కూర్చుంటే మాట రాదనేది. చేత్తో రాసి, కింద తేదీ వేసి తెచ్చి ఇస్తే నేను టైపు చేసేవాణ్ణి. థీసిస్‌లు టైపు చేసేవాడికి చదివే అలవాటు ఉండదు. చదివితే నిద్రొస్తుంది, పని సాగదు. ఆమె రాసినవి మాత్రం చదివాను.

నాలుగో ఏట మూడో అధ్యాయం తెచ్చింది. అందులో ఒక వాక్యం దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి. "పని దొరకని మనిషి ఇంటికి తొందరగా వెళ్ళడు, పని దొరికినవాడిలా సాయంత్రం దాకా ఎక్కడో ఒకచోట కూర్చుంటాడు."

"ఇది ఏ అడ్డాలో ఎవరు చెప్పారమ్మా?" అని అడిగాను.

"ఎవరూ చెప్పలేదన్నా. నేనే చూశాను," అంది. మిగతాదీ చెప్పింది. ఆమె తండ్రి సంచుల మిల్లులో పనిచేసేవాడు. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా మిల్లు మూతపడింది. ఆ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. రోజూ క్యారేజీ కట్టించుకుని వెళ్ళి, మిల్లు వేళకే తిరిగొచ్చేవాడు. ఒకరోజు బడి తొందరగా వదిలేస్తే, ఈ పిల్ల బస్‌స్టాండు మీదుగా వస్తూ చూసింది. చివరి బెంచీ మీద, గోడవైపు తిరిగి కూర్చుని అన్నం తింటున్నాడు. పక్కసందులోంచి ఇంటికి వచ్చేసింది. చూశానని తల్లికీ చెప్పలేదు, ఆయనకీ చెప్పలేదు. తల్లి పోయింది. ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఆ అధ్యాయమే గైడుగారి కంటపడింది. ఆయనకు ప్రమోషన్ రావాలంటే వ్యాసాలు కావాలి. "దీన్ని వ్యాసంగా చేయండి, ముందు నా పేరుతో వెళ్ళనీ. మీ థీసిస్‌లో ఎలాగూ ఉంటుంది కదా," అన్నాడట. ఇదేమీ వింత కాదు. ఆ గేటు లోపల సగంమంది గైడుల వ్యాసాలు పిల్లలు రాసినవే, టైపు చేసింది నేనే.

"సారు పేరు కింద నీ పేరు కూడా పెట్టనా?" అనడిగాను.

"వద్దన్నా. సారు ఒక్కరి పేరే పెట్టమన్నారు."

పెట్టాను. ఎవరినో తిట్టి లాభం లేదు, ఆ పేరు కొట్టినవి నా వేళ్ళే. వ్యాసం అచ్చయింది, మంచి పేరొచ్చింది, ఆయన ప్రొఫెసరయ్యాడు. స్వీటు డబ్బా పంపించాడు నాకు కూడా. సిగ్గులేకుండా తిన్నాను.

మళ్ళీ నాలుగేళ్ళు. థీసిస్ పూర్తయ్యేసరికి పొడిగింపు గడువు నలభై రోజులుంది. పోలికల పరీక్షకు లైబ్రరీలో ఇచ్చింది. పది శాతం దాటకూడదు. ముప్పై నాలుగు వచ్చింది. మూడో అధ్యాయమంతా ఎర్రగీతలే. ఎక్కడినుంచి ఎత్తారు అన్నచోట గైడుగారి వ్యాసం, ఆయన పేరు. లైబ్రరీ గుమస్తా అందరూ వింటుండగా, "ఏంటి మేడమ్, గైడు రాసిందే దించేశారా? కాస్త చూసుకోవద్దూ?" అన్నాడట.

ఆమె వచ్చి నా దుకాణంలో స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చేతిరాత ప్రతులు పారేసే మనిషిని కాను. అటక మీంచి ఆ అధ్యాయం దించి ఆమె ముందు పెట్టాను. ప్రతి పేజీ కింద తేదీ ఉంది, వ్యాసం అచ్చవడానికి ఏడు నెలల ముందటిది.

"ఇది పట్టుకెళ్ళి కమిటీ ముందు పెట్టు. ఎవరు ఎవరిది ఎత్తారో వాళ్ళే తేలుస్తారు," అన్నాను.

"పెడితే సారు సంతకం పెడతారా అన్నా? ఇంకా నాలుగుచోట్ల కావాలి. విచారణ అంటే ఏడాది. నాకు నలభై రోజులే ఉన్నాయి."

ఆ కాగితాలు మళ్ళీ అటక మీద పెట్టేశాను. గైడుగారు ఆ ఎర్రగీతల కాగితం చూసి, "దీనికింత కంగారెందుకు? మాటలు మార్చి రాసేయండి," అన్నాడట. అంతే అన్నాడు. తలెత్తి కూడా చూడలేదట.

పంతొమ్మిది రోజులు నా దుకాణంలోనే కూర్చుని మార్చింది. తను రాసినదాన్ని తనే పాడుచేసుకుంది. ఆ ఒక్క వాక్యం దగ్గర ఒక పూటంతా పట్టింది. చివరికి ఇలా రాసిచ్చింది: "ఉపాధి లభించని వ్యక్తులలో గృహమునకు ఆలస్యముగా చేరుకొను ప్రవృత్తి గమనించబడినది." అలాగే టైపు చేశాను. ఈసారి పోలిక ఎనిమిది శాతం వచ్చింది. నాలుగు సంతకాలూ అయ్యాయి. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు నేనే అద్దాను, డబ్బులిస్తే తీసుకోలేదు.

ఎనిమిది నెలలకు నివేదికలు వచ్చాయి. వైవాకి ఎవరైనా వెళ్ళొచ్చు. దుకాణం మూసి వెళ్ళాను. ఆమె తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి వెనక వరసలో నా పక్కనే కూర్చున్నాడు. అర్థంకాని మాటలకు కూడా తలూపుతున్నాడు.

బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, చెడ్డవాడేమీ కాదు. మూడో అధ్యాయం తెరిచి పట్టుకున్నాడు. "పని బాగా చేశారమ్మా. కానీ రాత చాలా పొడిగా ఉంది. ఇదే సంగతి మీ గైడుగారు తన వ్యాసంలో ఎంత చక్కగా చెప్పారో చూడండి," అంటూ జేబులోంచి కాగితం తీసి ఆ వాక్యం గట్టిగా చదివాడు. పని దొరకని మనిషి ఇంటికి తొందరగా వెళ్ళడు. మొత్తం చదివాడు. "అలా చూడటం నేర్చుకోవాలి మీరు. అంత దగ్గర ఉన్నారు, నేర్చుకోలేదే?"

ఆమె గైడు వైపు చూసింది. ఒక్క మాట చాలు. ఆయన తల కొంచెం వంచి, "మీ అభిమానం సార్," అన్నాడు.

"నేర్చుకుంటాను సార్," అంది ఆమె. ఇంకో పావుగంటకు డాక్టరేటు ఇవ్వొచ్చని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వరండాలోకి రాగానే తండ్రి కూతురి తల నిమిరాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, కూతురికి డిగ్రీ వచ్చిందని కాబోలు అనుకున్నాను.

"మీ సారు మామూలు మనిషి కాదమ్మా," అన్నాడు. "పని పోయినవాడు సాయంత్రం దాకా ఏం చేస్తాడో, అది పడ్డవాడికి తప్ప తెలియదు. ఆయనకెలా తెలిసిందో."

ఆమె నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"ఎవరో చెప్పుంటారు నాన్నా," అంది.

"ఎవరు చెప్తారమ్మా అలాంటివి," అన్నాడాయన. "ఉండు, ఆయనకో దణ్ణం పెట్టి వస్తాను," అని వెనక్కి లోపలికి నడిచాడు. మేమిద్దరం ఆపలేదు.