నేను ఎంచిన మెసెంజరు

ఈ మాట నా నోటిదాకా చాలాసార్లు వచ్చింది. వచ్చి ఆగిపోయింది. మా ఆవిడకు చెప్పలేదు. స్నేహితుల్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఇన్నేళ్లు మోస్తే బరువు తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు. పెరిగిందని కూడా అనలేను. మోసే చోటు మొద్దుబారిపోయింది, అంతే. మీరెవరో నాకు తెలియదు. మీకు చెప్పగలుగుతున్నది అందుకేనేమో.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. చిత్తూరు ఊరి బయట ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. మొత్తం తొమ్మిది కంప్యూటర్లు. సీజనులో గేటు ముందు తోతాపురి మామిడి లారీలు వరస కట్టి నిలబడేవి. ప్రతి లారీ నుంచి నాలుగు కాయలు ల్యాబుకు పోవాలి. తీపి, పులుపు చూసి ల్యాబు వాళ్లు సరే అంటేనే కాటా దగ్గర లోడు దించాలి. ఆ మాట చేరవేయడానికి ఫోనే ఉండేది. మిషన్ల మోతలో ఆ ఫోను ఎవరికీ వినిపించేది కాదు. అందుకని మా ఓనరు నన్ను పిలిచి, కంప్యూటర్లోనే మాట పంపుకునే మెసెంజరు ఏదైనా చూడమన్నాడు.

మూడు చూశాను. మొదటిది బ్రౌజింగ్ సెంటర్లలో అందరూ వాడేదే. దానికి ఇంటర్నెట్ కావాలి, మాది రోజుకు పదిసార్లు పోయే లైను. రెండోది చాలా చిన్నది. ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు నేరుగా మాట పోతుంది, తెర మీది కిటికీ మూయగానే చెరిగిపోతుంది. మూడోది పెద్దది. అందరి మాటలూ నా బల్ల మీది కంప్యూటరు గుండా పోతాయి. పోయిన ప్రతి మాటా అక్కడ నిలిచి ఉంటుంది.

వారం రోజులు రెండోదాన్నీ మూడోదాన్నీ ల్యాబులో పెట్టి చూశాం. ల్యాబు చూసుకునే మునిలక్ష్మి రెండోదే మేలంది. పనికి అది చాలు. నిజానికి చాలు. నేను మూడోది ఎంచుకున్నాను. ఎందుకు ఎంచుకున్నానో కాగితం మీద రాశాను కూడా. సిబ్బందికిచ్చిన కాగితంలో మూడు కారణాలున్నాయి. ఓనరుకిచ్చిన కాగితంలో నాలుగు. ఆ నాలుగోది, మాటలన్నీ మన దగ్గరే భద్రంగా ఉంటాయి, ఎప్పుడు కావాలన్నా చూసుకోవచ్చు అని. రెండు కాగితాలూ ఒకే రోజు ప్రింటు తీశాను. అప్పుడే అది తప్పనిపించిందా? లేదు. ఏమీ అనిపించలేదు.

ల్యాబు కంప్యూటర్లో దాన్ని ఎక్కిస్తుంటే మునిలక్ష్మి పక్కన నిలబడి అడిగింది.

“అన్నా, ఈడ మేం రాసుకునేది ఇంకెవురన్నా సూస్తారా?”

“ఎవురు సూస్తారు మా? నువ్వు పంపినోళ్లే.”

“నిజంగానా?”

“నిజంగానే. నాకేం పనిలేదా, మీ కతలు సదువుకుంటా కూసోడానికి?”

నవ్వింది. నేనూ నవ్వాను.

చదవడం మొదట్లో పనిలో భాగమే. మాటలు సరిగా చేరుతున్నాయా లేదా చూడాలి కదా. తర్వాత అలవాటయింది. పొద్దున్నే టీ తాగుతూ పేపరు చదివినట్టు చదివేవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఎవరికి ఎవరి మీద కోపం, ఎవరు ఎవరి ముందు నటిస్తున్నారు, అన్నీ తెలిసేవి. మునిలక్ష్మి ఎక్కువగా హేమతో మాట్లాడేది. హేమ లోడులు పంపే పని చూసేది, ఆమె బల్ల నా బల్లకు ఎదురుగా. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చి ఒకే బస్సులో పోయేవాళ్లు. ఒక సోమవారం మునిలక్ష్మి హేమకు రాసిన మాటలు చదివాను. చిన్నప్పటి నుంచి తనకు ఫిట్స్ ఉన్నాయట. మాత్రలతో రెండేళ్లుగా రాలేదట. నిన్న ఇంట్లో మళ్లీ వచ్చిందట. నీకు తప్ప ఎవరికీ తెలియదు, ఇక్కడ తెలిస్తే నన్ను ఉండనివ్వరు అని రాసింది. హేమ ఏమీ ఉపదేశం చెయ్యలేదు. రేపటి నుంచి బస్సులో నువ్వు కిటికీ పక్కన కూర్చోవద్దు, నేను కూర్చుంటాను అని మాత్రం రాసింది.

చదివి మూసేశాను. నాలుగైదు వారాలు నాకది గుర్తు కూడా లేదు. లేదనే అనుకుంటున్నాను.

సీజను నడుమలో ఒక మధ్యాహ్నం నా కంప్యూటరు ఆగిపోయింది. దాంతో మెసెంజరూ ఆగింది. పులుపు ఎక్కువ, దించొద్దు అని మునిలక్ష్మి పంపిన మాట కాటాకు చేరలేదు. వరస పెరుగుతోందని కాటా వాళ్లు కబురు కోసం ఆగకుండా దించేశారు, రెండు లారీల కాయ మంచి కాయలో కలిసిపోయింది. ఓనరు అందరినీ నిలబెట్టి అడిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. “నేను పంపినాను సార్. నడుమ కంప్యూటరు నిలిచిపోయినాది. ఆ చిన్నది పెట్టుకొనుంటే ఇట్లయ్యేది కాదు, అప్పుడే సెప్పినాను.” ఓనరు నా వైపు చూశాడు. అంతమంది ముందర ఆ చూపు చాలు.

రెండు రోజులకు నా బల్ల దగ్గరికొచ్చాడు. హేమ అప్పుడు గేటు దగ్గరుంది. “ఏమబ్బా, దీంట్లో పనికొచ్చే మాట ఒకటన్నా ఉండాదా, అందురూ కతలు సెప్పుకుంటా ఉండారా?” అన్నాడు. చూపించడానికి నా దగ్గర వందల మాటలున్నాయి. ఏ లారీ ఎప్పుడొచ్చింది, ఏ లోడు వెనక్కి పోయింది. వాటిలో ఏదైనా చూపించవచ్చు. నా వేళ్లు మునిలక్ష్మి పేరు కొట్టాయి. వేళ్లు అని ఎందుకు రాస్తున్నాను? నేను కొట్టాను. వెతికి, ఆ సోమవారం తీసి, కుర్చీ పక్కకు జరిపి, “ఇది మీరు సూడాల సార్” అన్నాను. ఆమె మంచికోసమే, ల్యాబులో ఆసిడ్డుంటుంది, వేడినీళ్లుంటాయి అని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఆమె మంచే కోరినవాడినైతే నాలుగైదు వారాలు ఎందుకు ఊరుకున్నాను? ఈ ప్రశ్న దగ్గర నాకు ఎప్పుడూ జవాబు లేదు. అంటే, ఉంది.

ఓనరు నిలబడే చదివాడు. “పాపం” అన్నాడు. ఆ శనివారం ఆమెను పనిలోంచి తీసేశాడు. కారణం చెప్పాడు. ఎలా తెలిసిందో చెప్పలేదు.

మునిలక్ష్మి నేరుగా హేమ బల్ల దగ్గరికి వచ్చింది. అరవలేదు. “నీకొక్కదానికే సెప్పినాను హేమా” అంది. హేమ లేచి నిలబడింది. నేను చెప్పలేదు, మా అమ్మ మీద ఒట్టు అంది. మునిలక్ష్మి వినలేదు. ఆ రాతలు ఎవరికీ కనబడవని ఆమెకు తెలుసు కదా. ఆమెకు ఆ నమ్మకం ఇచ్చింది నేను. పదడుగుల దూరంలో నేను తల వంచుకుని కీబోర్డు తుడుస్తున్నాను. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. ఉద్యోగం పోతుందని భయపడ్డానా? అదీ గుర్తు లేదు. తుడిచిన కీబోర్డే మళ్లీ తుడిచాను.

ఆమె వెళ్లిపోయాక హేమ ముఖం కడుక్కొని వచ్చి నన్నడిగింది. “నేను సెప్పలేదన్నా. నువ్వన్నా నమ్మతావా?”

“నమ్మతాను మా” అన్నాను.

ఆ ఫ్యాక్టరీ అంతటిలో ఆ మాట నిజంగా అనగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. హేమ నాకు దండం పెట్టింది.

తర్వాత మూడేళ్లు ఆమె నా ఎదురుగానే పనిచేసింది. ఆమె వస్తుంటే ఆడవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. ఆమెకు ఎవరూ మనసులో మాట చెప్పేవాళ్లు కాదు. బస్సులో ఒంటరిగా వచ్చేది. మెసెంజర్లో ఆమె రాతలు చిన్నవైపోయాయి, ఒక్కో ముక్కే: వచ్చింది. పోయింది. సరే. అవి కూడా నేను చదివాను. మెసెంజరును మార్చలేదు, చదవడం మానలేదు. తర్వాత ఆమె పలమనేరులో ఏదో బడిలో చేరిందని విన్నాను.

మునిలక్ష్మిని ఒకసారి చూశాను. కాణిపాకంలో దర్శనం చేసుకుని బయటికొస్తుంటే, మందుల షాపులో కౌంటరు వెనక ఉంది. ఆమే పిలిచింది. మా పిల్లల చేతికి చెరో తీపి బిళ్ల పెట్టింది. బాగానే ఉన్నానంది, మాత్రలు మార్చినారంది. బయల్దేరబోతుంటే అడిగింది, “ఆయమ్మి యాడుండాది ఇప్పుడు?” పేరు పలకలేదు. తెలీదు మా అన్నాను. “ఉద్యోగం పోయినందుకు నాకేం లేదన్నా. అది చేసిన పనే ఇంకా లోపల్నే ఉండాది” అంది. మా ఆవిడ ఆలస్యమవుతోందని పిలిచింది. అది మంచి సాకు. నడిచి కారెక్కాను.

మునిలక్ష్మి షాపు అడ్రసు నాకు తెలుసు. హేమ ఊరు తెలుసు. ఉత్తరం రాసి ఇద్దరికీ పంపవచ్చు. పంపుతానని మీకు మాటివ్వలేను. నా మాట విలువ ఎంతో ఇప్పటికే చదివారు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేనిది.

జరిగింది ఇది. హేమ ఎవరికీ చెప్పలేదు. చూపించినవాణ్ణి నేను.

రాసి, రెండుసార్లు చదువుకున్నాను. ఏడుపు రాలేదు. గుండె తేలికపడిందని కూడా అనను. కానీ ఈ సంగతి ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే లేదు.