ఒట్టి దెబ్బ

మా నాన్నకు ఎడమ చెవి వినపడదు. ఆటోనగర్‌లో బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా రివిట్లు కొట్టిన చెవి అది. నేనేమో ఎలక్ట్రానిక్స్ చదివి, బెజవాడ దగ్గరే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. చిన్నప్పుడు స్కూలు ఫారాల్లో తండ్రి వృత్తి అన్న చోట ‘వ్యాపారం’ అని రాసేదాన్ని. అలా రాయమని ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అనే సామెత నన్ను చూసే పుట్టిందేమో. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

రివిట్ అంటే రెండు రేకులను కలిపి బిగించే మేకులాంటిది. నాన్న బస్సు బయట నిలబడి దాన్ని సుత్తితో కొట్టేవాడు. లోపల ఇంకొకరు ఇనప దిమ్మను రివిట్‌కు ఆనించి పట్టుకోవాలి. ఆ లోపలి మనిషిని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, నాన్నకు పనిలో జోడీ, అంతే. మధ్యలో రేకు అడ్డం కాబట్టి ఒకరికొకరు కనపడరు. ఆ మోతలో అరిచినా వినపడదు. అయినా ఇద్దరూ పొద్దస్తమానం మాట్లాడుకునేవాళ్లు. బాబాయ్ దిమ్మను కొంచెం వాలిస్తే నాన్న సుత్తి అటు జరిగేది. గట్టిగా అదిమితే దెబ్బ జోరందుకునేది. రేకు కూర్చుందో లేదో నాన్నకు తను కొట్టే దెబ్బలోనే తెలిసేది, ఆ దెబ్బే బాబాయ్‌కి కబురూ అయ్యేది. ఇటు కొట్టడమూ ఆగేది కాదు, అటు జవాబూ ఆగేది కాదు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లిన నేను చెవులు మూసుకుని నిలబడేదాన్ని. నాకు అదంతా ఉత్త మోత.

చలికాలం పొద్దున్నే ఉయ్యూరు దాటి కూచిపూడి వైపు కాలవ కట్ట మీద వెళ్లేవాళ్లకు పొగమంచు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఒకసారి నా కారుకు ఎదురుగా చెరకు ట్రాక్టరు ఊడిపడింది. నేను ఆగాను, దాని డ్రైవరూ ఆగాడు. పోనీలే అని నేను కదిలాను, సరిగ్గా అప్పుడే అతనూ కదిలాడు. పక్కనే కాలవ. ఇద్దరమూ బతికి బయటపడ్డాం గానీ, ఆ రోజు నుంచి నాకు ఒకటే ఆలోచన పట్టుకుంది.

రాడార్ తరంగాన్ని వదులుతుంది. అది దేనికైనా తగిలి తిరిగొస్తే దూరం లెక్క కడుతుంది. ఎదురెదురు బళ్లలో చెరో రాడార్ ఉంటే, దూరం కొలిచే ఆ తరంగం మీదే ‘నేను ఆగుతున్నాను’ అనే కబురు కూడా ఎక్కించవచ్చు. అదీ వంతులవారీగా కాదు, రెండూ ఒకేసారి చెప్పుకోవాలి. బళ్లు ముఖాముఖి వస్తున్నప్పుడు ‘ముందు మీరు చెప్పండి’ అనే మర్యాదలకు వేళ ఎక్కడిది?

చిక్కేమిటంటే, రెండూ ఒకేసారి మాట్లాడితే ఎవరి గొంతుతో వాళ్లకే చెవులు పోతాయి. సొంత తరంగం చెవి పక్కనే హోరెత్తుతుంది, అవతలిది దూరం నుంచి సన్నగా వస్తుంది. కానీ సొంత గొంతు ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా! వచ్చినదాంట్లోంచి దాన్ని తీసేస్తే మిగిలేది ఎదుటివాడి మాట. మా ల్యాబులో, ఏసీ గదిలో, ఇది చక్కగా పనిచేసింది. నేను తెగ మురిసిపోయాను.

ఈ పనికి డబ్బు ఇచ్చే కమిటీ మాత్రం మురవలేదు. గది బయట చేసి చూపించండి, లేకపోతే ఇక్కడితో ఆపేద్దాం అంది. రోడ్డు మీద చేయనివ్వరు. చివరికి నాన్న పనిచేసిన షెడ్డే అడిగి తీసుకున్నాను. సగం కట్టిన రెండు బస్సులను ఎదురెదురుగా పెట్టించి, చెరో రాడార్ బిగించాను. కమిటీ మనిషి వచ్చేందుకు ఇంకా మూడు రోజులుంది. దూరం తప్పు, కబురు ముక్కలు. పొద్దున నుంచి సాయంత్రం దాకా అదే వరస. మూడేళ్ల పని నా కళ్లముందే పోయేట్టుంది. చూద్దామని వచ్చిన నాన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

“ఈ దిక్కుమాలిన రేకుల షెడ్డులో ఏదీ పనిచెయ్యదు!” అని విసుక్కున్నాను.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. మేం పనిచేసింది ఈ రేకుల కిందే గదా.”

నాకు తిక్క రేగింది. ఆయన కుడి చెవి దగ్గర కూర్చుని, సొంత గొంతు, ఎదుటి గొంతు, తీసివేత, అంతా అరిచినట్టే చెప్పాను. ఇది నీ సుత్తి కాదు నాన్నా అని కూడా అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు.

“మరి ఒట్టి దెబ్బ కొట్టావా?” అన్నాడు.

“ఒట్టి దెబ్బేంటి?”

“రివిట్ల వరస మొదలెట్టే ముందు మీ బాబాయ్ దిమ్మ తీసేస్తాడు. నేనొక్కణ్ణే ఓ దెబ్బ ఏస్తా. ఆ రేకు మీద, ఆ పూట, నా సుత్తి ఎట్టా మోగుద్దో తెలవాలి గదా. తర్వాత ఆ మోతలో నాది కానిదేదో అది వాడిది.”

“అది ల్యాబులో ఎప్పుడో చేశాం నాన్నా.”

“ఎప్పుడో చేస్తే ఏం లాభం? పొద్దున కొట్టింది మధ్యాన్నానికే పనికిరాదు. ఎండెక్కితే రేకు మోత మారుద్ది. ప్రతి వరసకీ కొట్టుకోవాల్సిందే.”

పక్కనున్న ఖాళీ డ్రమ్ము మీద చతికిలబడ్డాను. పుస్తకాల్లో లేని సంగతేమీ కాదు ఇది. నేనే ఏటా పిల్లలకు చెబుతాను. కానీ ల్యాబులో ఒకసారి కొలిచి పెట్టుకున్న గొంతునే ఇక్కడా తీసేస్తూ కూర్చున్నాను. ఇక్కడ నా తరంగం రేకులకు తగిలి, బస్సులకు తగిలి, వేరే గొంతుతో తిరిగొస్తోంది. నా చదువంతా ఆ క్షణాన నన్ను చూసి నవ్వినట్టనిపించింది.

ఆ మూడు రోజులూ కూర్చుని మార్చాను. ప్రతి సంభాషణకు ముందు ఒక రాడార్ నోరు మూసుకుంటుంది, రెండోది ఒట్టి దెబ్బ వేసుకుంటుంది. తర్వాత అటుది. ఆపైన ఇద్దరూ ఒకేసారి. రెప్పపాటు కూడా పట్టదు.

కమిటీ నుంచి వచ్చిన పెద్దాయన గట్టి మనిషి. ఒక బస్సును అటు తోయించాడు, మధ్యలో రేకుల దొంతర పెట్టించాడు. ఎన్ని మార్చినా తెరమీద రెండు కబుర్లూ రెండు వైపుల నుంచీ ఒకేసారి, నిండుగా వచ్చాయి. దూరం కూడా సరిపోయింది.

“ప్రతిసారీ కొత్తగా కొలుచుకుంటోందే! ఈ ఆలోచన ఎక్కణ్ణించి తీసుకున్నారండీ మేడమ్?” అన్నాడు.

“మా నాన్నగారి దగ్గర్నుంచండీ. అదుగో, స్టూలు మీద కూర్చున్నారే, ఆయనే. ఈ షెడ్డులోనే రివిట్లు కొట్టేవారు.”

ఆ మాట గట్టిగా, పదిమందికీ వినపడేలా అన్నాను. అంత గర్వం నాకు పట్టా తీసుకున్నప్పుడు కూడా కలగలేదు. కమిటీ పెద్దాయన వెళ్లి నాన్నకు చెయ్యి అందించాడు. నాన్న మాత్రం, “టీ తాగారా అండీ?” అని అడిగాడు.

పని ఆగలేదు. రిపోర్టులో కృతజ్ఞతల దగ్గర, ఈ పద్ధతి మా నాన్నది, ఆయన బస్సు బాడీలకు రివిట్లు కొట్టిన కార్మికుడు అని రాశాను. స్కూలు ఫారాల అప్పు తీరిందనుకున్నాను. ఇంటికి తెచ్చి ఆయన కుడి చెవిలో చదివి, మెచ్చుకుంటాడని ఎదురుచూశాను.

“తప్పు రాశావమ్మా,” అన్నాడు.

“ఏం తప్పు?”

“నేనొక్కణ్ణే కొడితే అది ఒట్టి దెబ్బే గదా. లోపల పట్టుకున్నోడేడి?”

అక్కడికక్కడే బాబాయ్‌ని కూడా రాసి, గుడివాడలో ఉన్న ఆయనకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. బస్సు లోపలి మోత ఇంకా ఎక్కువ, ఆయనకూ వినికిడి అంతంతమాత్రమే. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. ఒకరి మాట అయ్యేదాకా ఇంకొకరు ఒక్కసారైనా ఆగలేదు. పక్కన కూర్చున్న నాకే ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఫోన్ పెట్టేశాక, “ఏమన్నాడు బాబాయ్?” అని అడిగాను. మోకాలి నొప్పి దగ్గర్నుంచి, మనవరాలి కాలేజీ సీటు దాకా, నాన్న పొల్లు పోకుండా అన్నీ చెప్పాడు.