కాలువలో వేసిన నవల

పోయినవి ముందు లెక్క వేస్తాను. మూడు వందల నాలుగు పేజీల నవల ఒకటి. దానికి చుట్టిన పసుపు గుడ్డ ఒకటి. రోజుకు ఎనిమిది పేజీల చొప్పున చదివిన ముప్పై మధ్యాహ్నాలు. మిల్లు యజమాని ఇంటి వెనక వరండాలో నా కోసం వేసే పీట. ఆ పీటకు ఎదురుగా కూర్చుని వినే మనిషి. ఇందులో ఏదీ చిన్నది కాదు కాబట్టి మొత్తం కూడి ఒక్క అంకెగా రాయలేకపోతున్నాను.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కాటా దగ్గర పని చేస్తాను. లారీ ఎంత తూగింది, ఎన్ని బస్తాలు దిగాయి, తరుగు ఎంత పోయింది అన్నవి రాయడం నా పని. బడిలో ఏడో తరగతి దాటలేదు. త్రిపురారం దగ్గర మా నాయన గొర్రెలు కాసేవాడు. పొద్దున, సాయంత్రం మందను లెక్కపెట్టి లెక్కపెట్టి నాకు అంకెలు అబ్బాయి. మిగిలిందంతా కాటా నేర్పింది. పుస్తకాలు చదివే అలవాటు మాత్రం ఎవరూ నేర్పలేదు. సూర్యాపేట బస్టాండు దగ్గర ఫుట్‌పాత్ మీద కుప్పగా పోసి అమ్మేవాళ్ళు. అక్కడ కొన్నదే ఆ నవల. అట్ట మీద కాషాయం కట్టిన మనిషి, వెనక జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, మెట్ల మీద నెత్తురు. ఏ పుస్తకం కొన్నా చివరి పేజీ అంకె చూసుకుంటాను. అంకె ఒక్కటే, కథ చూడను.

ఒక మధ్యాహ్నం అన్నం తిని, మిల్లు వెనక గోడ నీడన కూర్చుని మొదటి పేజీలు చదువుతున్నాను. గోడకు అవతల యజమాని ఇంటి వెనక వరండా. యజమాని అక్క అక్కడే కూర్చునేది. ఇరవై నాలుగేళ్ళకు భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చిందట. అప్పటికి అరవైకి దగ్గరగా ఉంది. షుగరుతో ఒక కన్ను పోయింది, రెండోది మసక. పెళ్ళి పనుల్లో ముందుకు వచ్చేది కాదు, పూజగది మాత్రం ఆమెదే. ఏ నోముకు ఏం చేయాలో ఆమెను అడగడానికి బజారులో ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, కాళ్ళకు మొక్కి వెళ్ళేవాళ్ళు. ఆమె పక్కన కూర్చుని ఊరికే మాట్లాడిన వాళ్ళను నేను చూడలేదు.

ఏం చదువుతున్నావని అడిగింది. సిగ్గుపడి, మంచి పుస్తకం కాదమ్మా అన్నాను. మంచివన్నీ నాకు కంఠతా వచ్చు, అదే చదువు అంది.

కథ ఇది. తీర్థయాత్రల ఊళ్ళో ఒక ఆశ్రమం. అక్కడ వంట చేసుకుని బతికే విధవ. కింది గదిలో కిరాయికి దిగిన మనిషి. గోడకు అటు అతని దగ్గు, ఇటు ఈమె జపమాల చప్పుడు. ఒక రాత్రి ఆమె తలుపు గడియ తీసింది. అదే రాత్రి ఆశ్రమం స్వామిని ఎవరో చంపారు. పోలీసులు కిరాయి మనిషిని పట్టుకున్నారు. ఆ రాత్రి అతను ఎక్కడున్నాడో తెలిసింది ఆమె ఒక్కదానికే. చెబితే అతను బతుకుతాడు, ఆమెకు ఇక ఆ ఊళ్ళో నిలువ నీడ ఉండదు.

రంగుల అట్టతో ఆ పుస్తకం ఇంటి వరండాలోకి రాదు. పూజగదిలో చినిగిపోయిన స్తోత్రాల పుస్తకం ఒకటి ఉంటే, దాని అట్ట ఇచ్చి, నవలకు తొడిగి బైండింగ్ చేయించుకు రమ్మంది యజమాని అక్క. మిల్లు చిట్టాలు కట్టించేది సూర్యాపేటలోనే. బైండరు పుస్తకం తిప్పి చూసి, "లోపట దయ్యం, పైన దేవుడు. నాకేంది, నా కుట్టు గట్టిగుంటది," అన్నాడు.

అప్పటినుంచి రోజూ ముప్పావు గంట. ఇంట్లో వాళ్ళు పారాయణం అనుకున్నారు. యజమాని భార్య నాకు స్టీలు గ్లాసులో చాయ్ పంపేది, లోపలి నుంచే దండం పెట్టేది. ఆ దండానికి తల ఊపుతూ ఉండిపోయాను. మధ్యమధ్య యజమాని అక్క చేయి ఎత్తి ఆపమనేది. తలుపు గడియ తీసిన పేజీ మాత్రం మూడుసార్లు చదివించుకుంది.

ముప్పైవ రోజుకు రెండు వందల నలభై పేజీలు అయ్యాయి. దసరా ముందు ఇల్లు దులిపారు. ఆ ఇంట్లో చిరిగిన దేవుడి పటాలను, పాత పంచాంగాలను చెత్తలో వేయరు, పారే నీళ్ళలో వదులుతారు. మా పుస్తకం అట్ట అంచులు చివికిపోయి ఉన్నాయి. యజమాని భార్య ప్రేమతోనే కొత్త స్తోత్రాల పుస్తకం, పెద్ద అక్షరాలది, కొని తెచ్చింది. పాతదానికి పసుపు గుడ్డ చుట్టి, కుంకుమ పెట్టి, వేములపల్లి దగ్గర కాలువకు ఆడబిడ్డను బయలుదేరదీసింది. నన్నూ కారెక్కమంది.

"సదివిన చేతితోనే వదలాలె," అంది.

కారులో యజమాని అక్క ముందు సీట్లో కూర్చుంది. గట్టు దగ్గర ఆగాక అడిగింది.

"ఇంకెన్ని పేజీలున్నయి తమ్మీ?"

"అరవై నాలుగమ్మా."

"కొత్తదాంట్ల అన్నీ ఉన్నయి వదినె," అంది యజమాని భార్య.

ఇది స్తోత్రాల పుస్తకం కాదు అని ఒక్క మాట అనాలి. అంటే ముప్పై రోజులు ఏం విన్నదో చెప్పాలి. యజమాని అక్క చేతులు జోడించి నిలబడింది. నేను మెట్లు దిగి నీళ్ళలో వదిలాను. పసుపు గుడ్డ కాసేపు తేలి మునిగింది.

తర్వాతి రోజు నుంచి కొత్త పుస్తకం చదివాను. దాన్నీ శ్రద్ధగానే విన్నది, ఆమె భక్తి నటన కాదు. వారం పోయాక నెమ్మదిగా అంది. "దేవుని మీద నాకు కోపం లేదు తమ్మీ. ఆయన ముచ్చట వేరే. ఆమె చెప్పిందా లేదా, నాకు గదొక్కటి కావాలె."

మూడు ఆదివారాలు సూర్యాపేట కుప్పలన్నీ తిరగేశాను. ఫోన్లో వెతికించాను, ఆ పేరే దొరకలేదు. నాలుగో ఆదివారం కోదాడలో పాత కాగితాల దుకాణానికి వెళ్ళాను. దొరికింది. అట్ట లేదు, చివర కొన్ని కాగితాలు లేవు. దుకాణాయన నవ్వాడు. "ఆఖరు కాగితాలు పొద్దున్నే మిరపకాయ బజ్జీలకి ఇచ్చానండీ. ఎవరో తిని తుడుచుకుని ఉంటారు." బజ్జీల బండి దగ్గరికి పరుగెత్తాను. బండి దగ్గర బుట్టలోని నూనె కాగితాలన్నీ విప్పి చూశాను. అవి వేరే పుస్తకానివి.

దొరికినదాన్ని కొత్త స్తోత్రాల పుస్తకం మధ్యలో పెట్టుకుని ఆరు రోజులు చదివాను. రెండు వందల ఎనభై ఎనిమిదో పేజీ చివర ఆ విధవ కోర్టు బోనెక్కింది. ఆ రాత్రి అతను ఎక్కడున్నాడో నీకు తెలుసా అని జడ్జి అడిగాడు. అంతే.

నేను పుస్తకం మూశాను. అప్పుడు యజమాని అక్క తన సంగతి చెప్పింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మిల్లులో ఒక గుమస్తా ఉండేవాడట. జాతరకు అందరూ వెళ్ళిన రోజు ఇంట్లో గొలుసు పోయింది. ఆ మధ్యాహ్నమంతా అతను ఈ వరండా మెట్ల మీద ఈమెతో మాట్లాడుతూ కూర్చున్నాడు. మాటలే, ఇంకేం లేదు. దొంగతనం అతని మీద పడింది. అతనూ ఎక్కడున్నదీ చెప్పలేదు.

"నన్నడిగిన్రు తమ్మీ. పూజల ఉన్న, ఎవరినీ సూడలే అన్న. బట్టలు నెత్తిన పెట్టుకోని పోయిండు." ఆగి, మళ్ళీ అంది. "ఈమె చెప్పి ఉంటదా?"

"తెల్వదమ్మా. పదహారు పేజీలు లేవు."

"అందాజకు చెప్పు."

నేను చెప్పలేదు. తూకానికి రాని బండి బరువు ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా రాయలేదు.

"నన్ను గూడ కాటా మీదికెక్కిస్తవా ఏంది," అని కొంచెం నవ్వింది.

ఆ చలికాలం ఆమెను దవాఖానలో చేర్చారు. చూడటానికి వెళ్తే మంచం చుట్టూ ఇంట్లో వాళ్ళందరూ ఉన్నారు. నా వైపు తిరిగి, ఏమన్నా దొరికిందా అని అడిగింది. లేదన్నాను. పారాయణం పుస్తకం సంగతి అనుకుని యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. రెండు రోజులకు ఆమె పోయింది.

చెప్పిందమ్మా అని ఆ రోజు ఒక్క మాట అంటే సరిపోయేది. అది నిజం కూడా అయి ఉండొచ్చు. ఆ మాట నా నోట రాలేదు. సెలవు దొరికితే ఇప్పటికీ కోదాడ, సూర్యాపేట తిరిగి వస్తాను. దొరికినా వినడానికి ఆమె లేదని తెలుసు. అయినా లెక్క కొట్టివేయలేదు. నేను ఇవ్వవలసినవి నేటికీ పదహారు పేజీలు.